సుమారు

విచారణ గదిలో నా పని రాయడం.
ఎవరేమంటే అది రాస్తాను. దగ్గు రాయను. మౌనం రాయను.
ఊరు సావొన్‌లిన్నా, నెల నవంబరు,
మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేశాం.

సైమా సరస్సు సీళ్ళ సంగతి.
వలల మీద నిషేధం జూన్ ఆఖరుతో ఆపాలా,
ఇంకో రెండు వారాలు సాగదీయాలా.

తైమి హుర్స్కైనెన్ సాక్ష్యానికొచ్చింది.
ఇరవై రెండేళ్ళుగా, మంచు విడిచిన మర్నాడే
ఆ నీళ్ళలోకి దిగే మనిషి.
తల్లి సీలు ఒడ్డు వార పేరుకున్న మంచులో గది తొలుచుకుని ఈనుతుంది.
వసంతం రాగానే పురిటిగది నీరైపోతుంది.
అడుగున రాళ్ళ సందులో మిగిలేది
ఒక మాయ, గుప్పెడు బూడిదరంగు నూగు.
అవే ఆవిడ దస్తావేజులు.
సీసాలో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఈ ఏడు ఆ అఖాతంలో కూనలెన్ని?" అన్నాడు మంత్రిత్వశాఖ వకీలు.
"ముప్పై ఒకటికీ నలభై నాలుగుకీ మధ్య."
"మధ్య అంటే?"
"మధ్యే."
"చట్టానికి ఒక్క అంకె కావాలి, డాక్టరు గారూ."
"సరస్సు ఒక్క అంకె ఇవ్వలేదండీ."

కాకిలెక్క, అన్నారెవరో కిటికీ వైపు నుంచి.
కాకిలెక్క, అని రాశాను.

ఆవిడ కోప్పడలేదు.
మంచు చాలని చలికాలాల్లో గదులు నిలవవు, అంది.
నిలవనివి మాకు దొరకవు.
దొరకలేదు కాబట్టి లేవంటే అబద్ధం,
ఉండే ఉంటాయంటే అదీ అబద్ధమే.
ఈ రెండు అంకెల నడుమ ఉన్నది నాకు తెలియనితనం.
దాన్ని కొలిచి తెచ్చాను.
తప్పదంటే రాసుకోండి, సుమారు ముప్పై ఏడు.
సుమారు అన్న మాట మాత్రం వదలకండి.

అప్పుడు వెనక వరసలో వేయో పురానెన్ లేచాడు.
మా నాన్నతో కలిసి వలలు వేసినవాడు.
నిషేధం వద్దని అర్జీ పెట్టినవాళ్ళలో మొదటి సంతకం అతనిదే.

"పోయినేడు జులై ఆరు. నా వలలో ఒకటి.
ఇంతుంది."
చేతులు ఎడంగా పట్టి చూపించాడు.
ఆ ఎడాన్ని ఎలా రాయాలో నాకు తెలియలేదు.
"పడవల కొట్టం వెనక పాతిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు."

ఒక్క ఉదంతం సాక్ష్యం కాదు, అన్నాడు వకీలు,
పత్రాల్లో లేనిది పరిగణనకు రాదు.
తైమి అప్పటికే పెన్ను మూత తీసింది.
లోతెంత? వల కన్ను ఎన్ని మిల్లీమీటర్లు?
నైలానా, నూలా? సాయంత్రం వేశావా, తెల్లారా?
డెబ్భై దాటిన మనిషి
పాఠం అప్పజెప్పే పిల్లాడిలా ఒక్కొక్కటే చెప్పాడు.

"దీంతో నీ లెక్క మారుతుందా?"
"చచ్చిపోయినవాటి వరసలో ఒకటి పెరుగుతుంది.
తెలియనిది కొంచెం తగ్గుతుంది."
"ఎంత?"
"కొంచెం."

అదీ రాశాను.

మా నాన్న వలల గురించి నన్నెవరూ అడగలేదు.
ఒక జులైలో ఆయన ఆవిరిగది మెట్ల మీద కూచుని
చేతులు చాలాసేపు కడుక్కున్నాడు,
చేపలు పడని రోజున.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సుమారు.

వారం తిరక్కుండానే ముసాయిదా దిద్దుకుని వచ్చింది.
ముప్పై ఏడు ముందరి మాట మీద ఎర్రగీత.
ఒంటరి ముప్పై ఏడు ఎంత నున్నగా ఉంది,
నీళ్ళు అరగదీసిన గులకరాయిలా,
ఏ జేబులోనైనా ఇట్టే ఇమిడిపోయేలా.

ఎవరేమంటే అది రాయడం నా పని.
కొట్టేసిన మాట మళ్ళీ కొట్టి
పక్కన పేజీ సంఖ్య వేసి వెనక్కి పంపాను.

తీర్పు రాలేదు.
ఇవాళ డిసెంబరు తొమ్మిది,
మంచు కూడా ఇంకా రాలేదు.